చీకటి ఎవరి వంతు?

ఐగుప్తు మీదికి వచ్చిన పది తెగుళ్లలో తొమ్మిదవది చీకటి. అందులో రక్తం లేదు, మిడతలు లేవు, వడగండ్లు లేవు. అయినా మూడు రోజులపాటు దేశమంతా స్తంభించిపోయిందని నిర్గమకాండం చెబుతోంది (10:21-23). ఆ మూడు రోజుల గురించి మోషే రెండు సంగతులు రాశాడు. మనుషులు ఒకరినొకరు చూడలేకపోయారు. ఎవరూ తామున్న చోటి నుంచి లేవలేకపోయారు. చీకటి చేసే అసలు కీడు ఇదే. పక్కవాడు మనకు కనబడడు, అతని కోసం లేచి వెళ్లే కాలు కదలదు. కరెంటు పోయినప్పుడు మన ఇంట్లో ఎప్పుడు వస్తుందా అని అందరమూ ఎదురుచూస్తాం. అయితే ఈ చీకటి ఎవరి వంతుకు ఎక్కువగా వచ్చిందని అడగడం విశ్వాసి పని.

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామికవాడల వారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. పాశమైలారంలో, బొల్లారంలో, గడ్డపోతారంలో అప్పుడు పనిచేసిన కార్మికులు 2012, 2013 సంవత్సరాలను మరచిపోయి ఉండరు. నాటి ఉమ్మడి రాష్ట్రంలో వానలు సరిగా లేక శ్రీశైలం వంటి జలాశయాలు అడుగంటాయి. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ ఉత్పత్తి పడిపోయి, గ్యాస్‌తో నడిచే విద్యుత్ కేంద్రాలు పనిలేక నిలిచాయి. బయటి రాష్ట్రాల నుంచి కొందామన్నా దక్షిణాదికి తెచ్చే లైన్లు చాలలేదు. 2012 సెప్టెంబరులో విద్యుత్ నియంత్రణ మండలి పరిశ్రమల వాడకంపై ఆంక్షలు పెట్టింది. వారానికి మూడు రోజుల 'పవర్ హాలిడే' కార్మికుల ఇళ్లలో నిత్యం వినిపించే మాటైంది.

కరెంటు లేకపోతే ఫ్యాక్టరీలో లైట్లు ఆరిపోవడంతో సరిపోదు. ఫౌండ్రీలో కొలిమి చల్లారితే కరిగిన లోహం గడ్డకడుతుంది. మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్‌ను కలియబెట్టే యంత్రం ఆగితే బ్యాచ్ మొత్తం పాడవుతుంది, కొన్ని రసాయనాల విషయంలోనైతే వేడి అదుపు తప్పి ప్రాణాల మీదికి వస్తుంది. పెద్ద కంపెనీలు డీజిల్ జనరేటర్లతో నెట్టుకొచ్చాయి. చిన్న యూనిట్ల యజమానులకు డీజిల్ ఖర్చు భరించే శక్తి లేక షట్టర్లు దించారు. చివరికి ఆ భారం ఎవరి మీద పడింది? పర్మినెంటు ఉద్యోగికి నెల జీతం వచ్చింది. కాంట్రాక్టు కార్మికుడికి పని లేని రోజు కూలీ లేదు. పేరుకు అది హాలిడే. ఇస్నాపూర్ వైపు రేకుల గదుల్లో అద్దెకుండే కుటుంబాలకు అది పస్తు.

ఇళ్లకు పెట్టిన కోతల్లోనూ ఇదే వరుస. రాజధానికి తక్కువ గంటలు, జిల్లా కేంద్రానికి మరికొన్ని, మండల కేంద్రానికి ఇంకొన్ని, పల్లెకు అందరికన్నా ఎక్కువ. వానలు మన చేతిలో లేవు, నిజమే. కానీ ఉన్న కరెంటును వంతులు వేసింది మనుషులే. ఆ వంతుల్లో చివరి వరుసలో నిలబడ్డవారు ఎప్పుడూ చివరి వరుసలో ఉండేవారే.

ఇదంతా మన దేశపు పేదరికం అనుకునేవారు అమెరికాలోని టెక్సాస్ వైపు ఒకసారి చూడాలి. చమురుకు, సహజవాయువుకు పెట్టింది పేరైన రాష్ట్రమది. డల్లాస్ దగ్గరి ఇర్వింగ్, ఫ్రిస్కోలలోనూ, హ్యూస్టన్ చుట్టుపక్కలా తెలుగువారు వేల సంఖ్యలో స్థిరపడ్డారు. 2021 ఫిబ్రవరిలో అక్కడ మంచు తుపాను వచ్చింది. గ్యాస్ బావులు, పైపులు గడ్డకట్టాయి. బొగ్గు, గ్యాస్, అణు, పవన విద్యుత్ కేంద్రాలు అన్నింటిలోనూ ఉత్పత్తి పడిపోయింది. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున అధికారులు కోతలు మొదలుపెట్టకపోతే నాలుగైదు నిమిషాల్లో గ్రిడ్ మొత్తం కుప్పకూలేది. సుమారు 45 లక్షల ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. చలికి, పొగకు, సమయానికి వైద్యం అందక చనిపోయినవారు 246 మంది అని ఆ రాష్ట్ర ప్రభుత్వమే లెక్క తేల్చింది.

అక్కడ కూడా కోతను వంతులవారీగా, కాసేపు ఒకరికి, కాసేపు మరొకరికి పెట్టాలన్నదే ఏర్పాటు. కొరత మరీ పెద్దదై ఆ వంతులు తిరగలేదు. ఆసుపత్రులున్న లైన్లను ఆపలేరు, కాబట్టి ఆ లైన్లలో ఉన్న ఇళ్లకు వెలుగు నిలిచింది. మిగిలినవారు రోజుల తరబడి గడ్డకట్టే చలిలో ఉండిపోయారు. నగరాల నడిబొడ్డున ఖాళీ ఆఫీసు మేడలు వెలుగుతుంటే, పక్క వీధుల్లో కుటుంబాలు దుప్పట్లు కప్పుకుని వణికాయి. ఇంకా బాధ కలిగించే సంగతి ఏమిటంటే, 2011 ఫిబ్రవరిలోనే అక్కడ ఇలాంటి చలి వచ్చింది. కేంద్రాలను చలికి తట్టుకునేలా సిద్ధం చేయాలని కేంద్ర స్థాయి నిపుణులు నివేదిక కూడా ఇచ్చారు. ఖర్చు ఎందుకని చాలామంది పట్టించుకోలేదు. పదేళ్లు మంచి రోజులు గడిచాయి. ఆ పదేళ్లలో చేయనిదాన్ని 2021 తర్వాత చట్టం చేసి చేయించవలసి వచ్చింది.

యోసేపు కథ మనకు తెలిసిందే. సమృద్ధిగా పండిన ఏడేళ్లలో ఐదవ భాగం పక్కన పెట్టించాడు (ఆదికాండం 41:34). దేవుడు ఫరోకు కల ఇచ్చింది రాబోయే కరువు గురించి భయపెట్టడానికి కాదు, పంట ఇంటికొస్తున్నప్పుడే గిడ్డంగులు కట్టించడానికి. హెచ్చరిక ఎప్పుడూ మంచి రోజుల్లోనే వస్తుంది. అందుకే దాన్ని వినడం కష్టం.

టెక్సాస్ నుంచి నేర్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ రాష్ట్రంలో ఎక్కువ భాగానికి కరెంటునిచ్చే గ్రిడ్ ఇతర రాష్ట్రాల గ్రిడ్‌లతో దాదాపు సంబంధం లేకుండా విడిగా ఉంది. కేంద్రం అజమాయిషీ వద్దనుకుని అలా పెట్టుకున్నారు. కష్టకాలంలో పొరుగువారి నుంచి కావలసినంత తెచ్చుకోవడానికి దారి లేకపోయింది. మన దక్షిణాది గ్రిడ్ కూడా ఒకప్పుడు దేశంలోని మిగతా గ్రిడ్‌తో ఒక్కటిగా కలవలేదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య రాష్ట్రాల్లో కోట్లాదిమంది చీకట్లో మునిగినా మనకు ఏమీ కాలేదంటే కారణం అదే. కానీ అదే సంవత్సరం మనకు కొరత వచ్చినప్పుడు వేరే చోట మిగిలిన కరెంటు కావలసినంతగా మన దాకా రాలేకపోయింది. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

అపొస్తలుడైన పౌలు సంఘాన్ని శరీరంతో పోల్చి, ఒక అవయవం బాధపడితే మిగిలినవన్నీ దానితో కూడా బాధపడతాయని బోధించాడు (1 కొరింథీ 12:26). కలిసి ఉన్నవారికి ఒకరి నొప్పి మరొకరికి పాకుతుంది. విడిగా ఉన్నవారికి ఆ బాధ లేదు, ఆదుకునే చేయి కూడా లేదు. ఇంటి చుట్టూ ఎత్తైన గోడ, మేడ మీద సొంత ఇన్వర్టర్ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చునని అనుకునే క్రైస్తవుడు ఈ సంగతి ఆలోచించాలి.

తెలంగాణలో ఇప్పుడు పరిస్థితి చాలా మారింది. 2014లో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు స్థాపిత విద్యుత్ సామర్థ్యం 7,778 మెగావాట్లు. 2025 మార్చిలో ఒక రోజు గరిష్ఠ డిమాండే 17 వేల మెగావాట్లు దాటింది, దాన్ని తీర్చగలిగారు కూడా. 2014 నవంబరు తర్వాత పరిశ్రమలకు ప్రకటించి పెట్టే కోతలు ఆగాయి. ఇందుకు దేవునికి స్తోత్రం. అయితే 2022 ఏప్రిల్‌లో పొరుగునున్న ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు మళ్లీ పవర్ హాలిడే ప్రకటించవలసి వచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని రోజుల తరబడి చీకట్లో ఉంచింది. మన దగ్గర మంచు పడదు గానీ, వేసవి గాలివానకు చెట్టు కూలి లైను తెగితే రాత్రంతా చీకటే. రేకుల గదిలో పసిబిడ్డతో ఉన్న తల్లికి, లోటు రాష్ట్రానిదా ట్రాన్స్‌ఫార్మర్‌దా అన్న తేడా ఏమీ ఉండదు.

కాబట్టి సంఘం ఇప్పుడే చేయదగిన పనులున్నాయి. పదిమంది కన్యకల ఉపమానంలో ఐదుగురు సిద్దెల్లో నూనె తెచ్చుకున్నారు (మత్తయి 25:1-13). నూనె పంచుకోవడానికి కుదరలేదు కదా అని కొందరు అక్కడే ఆగిపోతారు. ముందుచూపు గురించి చెప్పిన ఆ అధ్యాయం, ఆకలిగొన్నవానికి అన్నం పెట్టినవారు ఎవరన్న తీర్పుతో ముగుస్తుంది (25:31-46). సిద్ధపడడం, పంచుకోవడం రెండూ ఒకే అధ్యాయంలో ప్రభువు ఉంచాడు. మనం వాటిని విడదీయకూడదు.

ప్రతి సంఘం తన వీధుల్లో ఒంటరి వృద్ధులు, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడే రోగులు, బాలింతలు ఎవరెవరున్నారో రాసుకుని, కరెంటు పోతే ఎవరు ఎవరి ఇంటికి వెళ్లాలో ముందే అనుకోవాలి. ఇన్సులిన్ వాడేవారికి ఫ్రిజ్ ఆగితే ఏం చేయాలో చెప్పాలి. చల్లని కుండలో తడి తగలకుండా ఉంచితే మందు కొంతకాలం కాపాడుకోవచ్చు. చర్చిలో మైకు కోసం కొన్న ఇన్వర్టర్ ఆదివారం రెండు గంటలు పనిచేసి ఆరు రోజులు ఊరకే ఉంటుంది. పరీక్షల రోజుల్లో ఆ హాలు తలుపులు తెరిస్తే, ఏ మతం పిల్లలైనా వచ్చి చదువుకుంటారు. ఒక హెచ్చరిక కూడా అవసరం. టెక్సాస్‌లో చలికి తట్టుకోలేక మూసిన గ్యారేజీలో కారు నడిపి, ఇంట్లో బొగ్గులు కాల్చి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. జనరేటర్‌ను, బొగ్గుల కుంపటిని మూసిన గదిలో ఎన్నడూ ఉంచకూడదు.

వీటన్నిటికన్నా బరువైన పని కూలీ గురించినది. కరెంటు కొరత వల్ల పని ఆపితే దాన్ని 'లే-ఆఫ్' అంటారని, ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి ఆ రోజులకు సగం వేతనం ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉండేది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ సూత్రం కొనసాగింది. కానీ 50 మందికన్నా తక్కువ పనిచేసే చోట, మస్టరు రోలులో పేరు లేనివారికి అది అందదు. మన సంఘాల్లో సూపర్‌వైజర్లున్నారు, లేబర్ కాంట్రాక్టర్లున్నారు, చిన్న యూనిట్ల యజమానులున్నారు. బీదవాడి కూలీని సూర్యుడు అస్తమించక ముందే ఇవ్వాలని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (ద్వితీయోపదేశకాండం 24:15). చట్టం చేయి అందని చోట వాక్యం చేయి అందాలి. అంతియొకయ సంఘం కరువు రాబోతోందని అగబు ద్వారా వినగానే, ఎవరి శక్తి కొద్దీ వారు ఇచ్చి యూదయలోని సహోదరులకు సాయం పంపింది (అపొ. కార్యములు 11:27-30). పని ఆగిన వారాల కోసం సంఘంలో ఒక చిన్న నిధి ఉండడం అసాధ్యమేమీ కాదు. మన జిల్లా పక్కనే ఉన్న మెదక్ కేథడ్రల్ ఇందుకు సాక్షి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మందిరాన్ని చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు కాలంలో జనానికి పని, అన్నం దొరకాలని కట్టించాడు. కరువులో కూలీ ఆగని చోట లేచిన రాళ్లవి.

లైన్‌మన్లను కూడా మరువకూడదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిదిమంది ప్రాణాలు కోల్పోయారు. గాలివానలో స్తంభం ఎక్కేవాడికి ఫోనులో తిట్లు కాక, సంఘ ప్రార్థనలో చోటు దక్కాలి.

ఆకలిగొన్నవాని కోసం మనసిచ్చి, నలిగినవాని ప్రాణాన్ని తృప్తిపరిస్తే, చీకటిలోనే నీ వెలుగు ఉదయిస్తుందని దేవుడు యెషయా ద్వారా మాట ఇచ్చాడు (58:10). ఆ వాగ్దానంలో చీకటి రాదని ఎక్కడా లేదు. అది వచ్చినప్పుడు పక్కవాడు కనబడాలి, మన కాళ్లు లేవాలి. ఐగుప్తీయులు చేయలేకపోయిన ఆ రెండు పనులూ చేయగలిగిన సంఘమే తన ఊరికి దీపం.