అమ్మ భుజం నొప్పి, కొడుకు పేటెంటు

మన కాలేజీ సంచికల్లో సైన్సు మీద వ్యాసం అంటే ఎడిసన్ ఉంటాడు, మార్కోనీ ఉంటాడు. ఆలేరు మాత్రం ఉండదు. ఈ ఏడైనా ఆ లోటు తీర్చుదామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊరున్నది. 2016 దాకా మన నల్లగొండ జిల్లాలోనిదే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఆ ఊరి చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారికి ఆరో తరగతితోనే బడి ఆగిపోయింది. ఆసు యంత్రం కనిపెట్టింది ఆయనే.

ఆసు అంటే ఏమిటో మనలో పోచంపల్లి వైపు మిత్రులకు చెప్పనక్కరలేదు. మిగిలినవారి కోసం చెబుతాను. పోచంపల్లి తరహా పట్టుచీరకు నూలుకు రంగు అద్దకముందే, అర్ధచంద్రాకారంలో వరుసగా నిలబెట్టిన పుల్లల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి. ఆ తర్వాతే కట్లు కట్టడం, రంగులో ముంచడం. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలి. రోజుకు రెండు చీరలయితే 18 వేల సార్లు! ఒక చీరకు నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పని చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే. భుజాలు గుంజుతయి, మోచేతులు పట్టేస్తయి, చూపు మందగిస్తుంది. మగ్గం మీద కూర్చున్నవాడి పేరు అందరికీ తెలుసు గానీ, ఆసు పోసినామె పేరు ఎవరడిగారు?

మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు ఆ పనే చేసేవారు. ఆమె బాధ చూడలేక 1992 లో ఆయన యంత్రం పని మొదలుపెట్టారు. అప్పులయ్యాయి, ఎగతాళి చేసినవాళ్ళున్నారు. సగం యంత్రం తయారై ఆగిపోయింది. బతుకుదెరువు కోసం హైదరాబాదు వెళ్ళి కరెంటు పని చేస్తూ, బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూసి, తనకు అందని చిక్కుముడి అక్కడ విప్పుకున్నారు. 1999 లో యంత్రం పూర్తయింది. చీరకు గంటన్నరలో ఆసు అయిపోతుంది. దానికి తల్లి పేరే పెట్టారు. 2011 లో పేటెంటు, 2017 లో పద్మశ్రీ వచ్చాయి. 2019 లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది.

సినిమా చూసి చప్పట్లు కొట్టాం, సరే. ఆ ఏడేళ్ళూ ఆయన ఏ ఫిజిక్సు డిపార్టుమెంటు తలుపు తట్టగలిగేవారు? ఒకవేళ తట్టినా, "ఏం క్వాలిఫికేషన్?" అనే కదా మనం అడిగేది! లెక్చరర్లు నొచ్చుకోవద్దు, తప్పు విద్యార్థులమైన మాదీ ఉన్నది. ఫైనలియర్ ప్రాజెక్టులు కొనుక్కొచ్చి అట్టలు మార్చి ఇచ్చేవాళ్ళం మేమే.

నిజంగా కష్టపడి చేసినవాళ్ళకు ఇంకో దెబ్బ ఉన్నది. మా పాలమూరు మిత్రుడొకడు చెట్టు నుంచి వేరుశనగ కాయలు తెంపే చిన్న పరికరం తయారుచేశాడు. ఎగ్జిబిషన్‌లో పెట్టాడు, పేపర్లో ఫొటో పడింది, అందరం భుజం తట్టాం. ఏడాది దాటినంక పేటెంటు కోసం పోతే, "అందరికీ చూపించేసినవు కదా, ఇంక కొత్తదెట్లయితది?" అన్నారు. చట్టం అంతే. కొత్తదై ఉండాలి, లోకానికి ముందే వెల్లడి కాకూడదు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకూ, పండితసభల్లో చదివిన పత్రాలకూ పన్నెండు నెలల మినహాయింపు ఉన్నది గానీ, కాలేజీ ఎగ్జిబిషన్‌కు ఆ నోటిఫికేషన్ ఎక్కడిది? ఈ ముక్క వాడికి ఒక్కరూ ముందు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకూ తెలియదు గనుక.

పేటెంటు స్వార్థం కాదా అని అడిగే మిత్రులున్నారు. వాళ్ళతో నాకు సగమే పేచీ. పేటెంటు తీసుకున్నవాడు తన కిటుకంతా కాగితం మీద పెట్టి లోకానికి చెప్పాలి. దరఖాస్తు చేసిన 20 ఏళ్ళకు అది అందరి సొత్తు. దాచుకున్న విద్యకన్నా ఇది మేలు కాదూ? ఇక తాతల నాటి నేతపనిని ఎవరూ పేటెంటు చేసుకోలేరు, చట్టమే ఒప్పుకోదు. పోచంపల్లి ఇకత్‌కు 2005 లో వచ్చిన భౌగోళిక గుర్తింపు వేరే సంగతి. అది ఒక మనిషిది కాదు, ఆ ప్రాంతానిది.

అందుకని యూనియన్ వారికీ, ప్రిన్సిపాల్ గారికీ ఒక మనవి. నెలకొక శనివారం మన వర్క్‌షాపు బయటివాళ్ళకు తెరవండి. నేతకారుడు రానీ, బోరు మెకానిక్ రానీ, సర్టిఫికెట్ అడగకండి. ఎగ్జిబిషన్‌కు ముందే, పనికొచ్చే ప్రాజెక్టుకు ప్రొవిజనల్ దరఖాస్తు వేయించండి. ఆన్‌లైన్‌లో మామూలు మనిషికి దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలు ఇవ్వడానికి ఆపైన పన్నెండు నెలల గడువు ఉంటుంది. పోయిన వార్షికోత్సవంలో ఒక్క స్టేజీ డెకరేషన్‌కు మనం ఎంత పెట్టామో కోశాధికారిని అడిగి చూడండి.