ఇలాచీ, దాల్చీని, కాస్త ఫుర్సత్

స్వీడన్ వాళ్ల కానెల్‌బుల్లె పేరెత్తితే అందరూ దాని తీపి గురించే అడుగుతారు. నన్నడిగితే అందులో అసలు మజా తీపిది కాదు, ఫుర్సత్‌ది.

కానెల్ అంటే దాల్చీని, బుల్లె అంటే బన్ను. మైదా, పాలు, మస్కా, ఖమీర్ కలిపి, దంచిన ఇలాచీ వేసి పిసుకుతారు. పొంగిన పిండిని పరిచి, మస్కా, చక్కెర, దాల్చీని పూసి, చాపలా చుట్టి, ముక్కలు కోసి కాలుస్తారు. పైన చక్కెర పలుకులు చల్లుతారు. క్రీమ్ దట్టంగా పూసిన 'సినమన్ రోల్' అమెరికా రివాజ్. 1999 నుంచి ఏటా అక్టోబర్ 4న స్వీడన్‌లో ఈ బన్నుకొక దినమే ఉంది!

దీన్ని కాఫీతో కూచుని తినడాన్ని 'ఫీకా' అంటారు. కాఫీకి వాళ్ల పాతమాట 'కాఫ్ఫి'ని తిరగేస్తే పుట్టిన పదమది. 1756 మొదలు 1820ల దాకా అక్కడి హుకూమత్ కాఫీ మీద పలుమార్లు పాబందీ పెట్టింది. జనం వింటేనా!

19వ శతాబ్దంలో ఆడవాళ్లు ఒకరింట్లో ఒకరు చేరే కాఫీ మెహఫిళ్లు జోరుగా సాగాయి. దాన్ని 'కాఫెరేప్' అనేవారు. బల్ల మీద ఏడు రకాల బిస్కెట్లు ఉండాలని రివాజ్. తగ్గితే పిసినారితనం, పెరిగితే గొప్పలు. ఇంటామె ఇజ్జత్ అంతా ఆ ఏడు రకాల మీదే! ఫీకాలో ఆ తకల్లుఫ్ లేదు. ఒక బన్ను, ఒక కప్పు చాలు. దఫ్తర్లలో కూడా పని ఆపి, పెద్దా చిన్నా ఒకే బల్ల దగ్గర కూచుంటారు.

'మనకు చాయ్ లేదా?' అంటారు మీరు. ఉంది, బేషక్. కానీ మెహమాన్లు వచ్చినప్పుడు మన ఇళ్లలో కూచునేదెవరు? చాయ్ కాచిన అమ్మీ, ఖాలా బావర్చీఖానాలోనే నిలబడి ఉంటారు. మనం చాయ్‌ని తారీఫ్ చేస్తాం, గుఫ్తగూలోకి మాత్రం వాళ్లను పిలవం. ఏడు రకాలు పెట్టడమే మెహమాన్‌నవాజీ అనుకున్నంత కాలం ఆమెకు ఫుర్సత్ దొరకదు. అది ఆమె హఖ్ కదా?

ఈ ఇత్వార్ మెహమాన్లొస్తే ఒక్క రకం చేయండి, చాలు. కప్పులు సర్దేటప్పుడు, కాచినామె కప్పు కూడా లెక్కలో ఉందో లేదో చూసుకోండి.