పాపం తాగినోడిదేనా? తొక్కినోడిది కాదా?

నూజివీడు తోటల్లో మామిడి కోతలంటే పేట కుర్రోళ్లకి చేతినిండా పని. వారమంతా కాయ కోసి, గంపలు మోసి ఆదివారం చర్చికెళ్తే వినపడేది ఎక్కువగా ఒకటే: తాగుడు పాపం, అబద్ధం పాపం. సరే. మరి కూలి ఎగ్గొట్టడం? కులం పేరుతో దూరం పెట్టడం?

బైబిల్లో అవీ పాపాలే. కోత కోసినోళ్ల కూలి బిగబట్టిన ఆసాముల్ని యాకోబు తన పత్రికలో నిలదీశాడు. పేదల్ని తొక్కేవాళ్ల పాటలు, పండగలు దేవుడికి అక్కర్లేదని ఆమోసు తెగేసి చెప్పాడు. అంటే పాపం మనిషి గుండెలోనే కాదు, పెత్తనంలోనూ ఉంటది.

1991లో చుండూరులో 8 మంది దళితుల్ని చంపింది కులం చూసే, మతం చూసి కాదు. చట్టం మాత్రం మతం అడుగుతోంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. చేర్చమని 2023లో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. అయినా 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారినోళ్లకి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదంది.

బాప్తిస్మం తీసుకుంటే ఊళ్లో కులం పోయిందా? పోలేదు. పోయింది రక్షణే. అందుకే చాలామందికి సర్టిఫికెట్లో ఒక మతం, ఆదివారం ఒక మతం. అది అబద్ధమే అనుకుందాం. ఆ అబద్ధం ఆడక తప్పని బతుకు ఎవరి పాపం తమ్ముడూ? వచ్చే ఆదివారం పాస్టరుగారిని ఇదే అడుగు.