పాత వెండి రూపాయలు: మూసకా, మారకానికా?

వెండి ధర ఎగబాకినప్పుడల్లా పల్లెల నుంచి పాత రూపాయల మూటలు షరాబు బజారుకు దిగుతాయి. విక్టోరియా రాణి, ఎడ్వర్డు, అయిదో జార్జి బొమ్మలున్న రూపాయలు కోట్లలో ముద్రించినవి. వీటిలో ఎక్కువ భాగానికి అరుదైనవన్న గొప్ప లేదు. అయినప్పటికీ అన్నిటినీ ఒకే తూకంలో వేసి, ఒకే మూసలో పోసే వర్తకుడు తన లాభాన్ని తానే కరిగించుకుంటున్నాడని చెప్పక తప్పదు.

బ్రిటిషు రూపాయి సరిగ్గా తులం బరువు, అంటే 11.66 గ్రాములు. పన్నెండింట పదకొండు వంతులు వెండి. నికరం 10.69 గ్రాములు. కిలో వెండి లక్ష రూపాయలనుకుంటే బిళ్లలోని వెండి 1,069 రూపాయలవుతుంది. కిలో మేలిమికి 94 బిళ్లలు కావాలి. అరిగినవైతే ఒకటి రెండు ఎక్కువే పడతాయి. శుద్ధి మజూరీ, తరుగు ఇందులోంచే పోవాలి.

అసలు మోసం 1940 నుంచి 1945 వరకు వచ్చిన ఆరో జార్జి రూపాయల దగ్గర జరుగుతుంది. బరువు అదే గాని వెండి సగమే. మిగతాది రాగి 40, నికెలు 5, జింకు 5 పాళ్లు. త్రాసు ఈ తేడా చెప్పదు, బిళ్లమీది సంవత్సరం చెబుతుంది. రాణి రూపాయల ధరకు వీటిని కొన్నవాడు సగం సొమ్ము పోగొట్టుకుంటాడు. వీటి ధరకు రాణి రూపాయలు అడిగేవాడు పల్లె మనిషిని ముంచుతాడు.

హైదరాబాదు చార్మినార్ రూపాయి సంగతి వేరు. బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, నికరం 9.14 గ్రాములు. వెనుకటి మారకంలో 7 హాలీ రూపాయలకు 6 బ్రిటిషు రూపాయలని లెక్క కట్టేవారు. లోహం ప్రకారం ఆ లెక్క నేటికీ సరిపోతుంది. అయితే 1940 దశకంలో వచ్చిన ఉస్మానియా రూపాయల్లోనూ వెండి సగానికి దిగింది.

మూస వద్దనడానికి గట్టి కారణం ఒకటున్నది. అసలైన బిళ్ల తన వన్నెకు తానే పూచీ. నకిలీ కాదని తేలితే చాలు, అందులో ఎంత వెండి ఉన్నదో బేరగాళ్లందరికీ తెలుసు. కరిగించి కడ్డీ చేస్తే ఆ పూచీ పోతుంది. మళ్లీ మచ్చు తీయాలి, టంచ్ చూడాలి, పై బజారులో ఎదుటివాడు చెప్పిన వన్నెకు ఒప్పుకోవాలి. పైగా దీపావళికి, లక్ష్మీపూజకు రూపాయి బిళ్లనే అడుగుతారు గాని కడ్డీ ముక్కను ఎవరూ అడగరు.

ధర దూకుడుగా ఉన్నప్పుడు బిళ్లకు పైధర రాదన్న వాదన నిజమే. అప్పుతో వ్యాపారం చేసేవాడు వడ్డీ కట్టుకుంటూ కూర్చోలేడు. అయితే ఆ రోజుల్లో మూస కూడా ఆదుకోదు. 1980 జనవరిలో ఔన్సు వెండి 50 డాలర్ల దాకా పోయినప్పుడు అమెరికాలో శుద్ధి కర్మాగారాలు కిక్కిరిసిపోయి, వెండి నాణేల సంచులు లోహం విలువకంటే తక్కువకు అమ్ముడుపోయాయి. మార్చి 27 నాటికి ధర 11 డాలర్ల లోపుకు పడింది. సొమ్ము అవసరమైనవాడు బిళ్లలను బిళ్లలుగానే టోకున అమ్ముకోవడం మేలు.

ఏరకుండా పోయడం ఎంత నష్టమో 1911 రూపాయి చూపిస్తుంది. రాజు అంగీమీది ఏనుగు పందిలా ఉన్నదని అలజడి రేగడంతో, 94 లక్షల బిళ్లల్లో సుమారు 7 లక్షలు తప్ప తక్కినవి కరిగించారు. 1939 రూపాయి కూడా అరుదే. ఇలాంటివి పాత మూటల్లో ఒకటో అరో దొరుకుతూనే ఉంటాయి.

నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించరాదు. కొనుగోలుదారు ఇక్కడివాడే కావాలి.

ఇక మూసకు పోవలసినవి చిల్లులు పడినవి, కొక్కెం అతికించినవి, బొమ్మ చెరిగిపోయినవి. సగం వెండి బిళ్లలకు శుద్ధి ఖర్చు తడిసి మోపెడవుతుంది గనుక వాటిని విడిగా మూటకట్టి, సంవత్సరం చెప్పి అమ్మడమే దారి.