తాతల మాట ఎవరి బీరువాలో ఉంది?



1862 డిసెంబర్ 26న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, మన్‌కాటో ఊళ్లో 38 మంది డకోటా ఆదివాసీలను ఒకేసారి ఉరి తీశారు. ప్రాణాలతో మిగిలిన ఖైదీలను మరుసటి ఏడు డావెన్‌పోర్ట్ సైనిక శిబిరానికి తరలించారు. చాలామంది జైల్లోనే తమ భాషలో రాయడం నేర్చుకున్నారు. ఇంటివాళ్లు ఎట్లున్నారు, మమ్మల్ని ఎప్పుడు వదులుతారు అంటూ మిషనరీలకు ఉత్తరాలు రాశారు. యుద్ధం గురించి గెలిచినోళ్లు పుస్తకాల మీద పుస్తకాలు రాసుకున్నారు. ఓడినోళ్ల మాట కాగితాల కట్టల్లో పడి ఉంది. డకోటా పెద్దలే కూర్చుని 50 ఉత్తరాలను ఇంగ్లీషులోకి మార్చి అచ్చేయించేసరికి 2013 వచ్చింది. లెక్కేయండి, నూటయాభై ఏళ్లు!

ఆ జాతి బిడ్డే ఎల్లా డెలోరియా. పెద్దల దగ్గర విన్న 64 కథలను 1932లో వాళ్ల భాషలోనే, ఇంగ్లీషుతో కలిపి అచ్చేయించింది. ఆమె నవల 'వాటర్‌లిలీ' ఆమె పోయిన 17 ఏళ్లకు వెలుగు చూసింది. రాతప్రతి దాచబట్టే కదా.

అయితే దాస్తే సరిపోదు. పెద్దల గొంతులు రికార్డు చేసి, ఆ పాఠాల మీద కాపీరైట్ పెట్టుకుందన్న గొడవలో 2022లో స్టాండింగ్ రాక్ తెగ మండలి ఒక భాషా సంస్థనే బహిష్కరించింది. మంచి పనే చేసింది.

మన సంగతి? 1940లలో ఆదిలాబాద్ గోండు గూడేల్లో తిరిగిన హైమెండార్ఫ్ తీసిన ఫోటోలు లండన్‌లో ఉన్నాయి. వాటిలో మీ ముత్తాత ఉన్నాడేమో, ఎవరైనా చూశారా?

రేపు మైకు పట్టుకుని ఎవరైనా గూడేనికొస్తే కూర్చోబెట్టండి, నీళ్లివ్వండి. రికార్డు ఎవరి పేరు మీద ఉంటుందో ముందే కాగితం మీద రాయించుకోండి. ఒక కాపీ గూడెంలో పెట్టే పొమ్మనండి.