సర్వే కాగితం నింపింది మేము, నివేదిక మీద పేరు ఎవరిది?

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద ఉంటుంది వర్ధన్నపేట. ఎస్సీలకు రిజర్వు అయిన అసెంబ్లీ నియోజకవర్గం. పీజీ చదివే రోజుల్లో మాలో కొందరం ఈ చుట్టుపక్కల ఊళ్లలో రోజు కూలి లెక్కన సర్వే పని చేశాం. వాడలో ఏ ఇంటికి ఏ పొద్దున పోతే మనుషులు దొరుకుతారో, అప్పుల గురించి ఎట్లా అడిగితే నిజం చెప్తారో మాకు తెలుసు. అందుకే ఆ పని దొరికింది. కొన్ని నెలలకు నివేదిక వచ్చింది. అట్ట మీద రచయితల పేర్లు ఉన్నాయి. చివర్లో ‘క్షేత్ర సిబ్బంది’కి కృతజ్ఞతలు అని ఒక్క మాట ఉంది. ఆ సిబ్బంది మేమే.

ఇప్పుడు ఎంఏ అయిపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని అడుగుతున్నారు: ‘అన్నా, ఈ థింక్ ట్యాంకుల్లో ఉద్యోగం ఎట్లొస్తది?’ ఎట్లా వస్తుందో చెప్పాలంటే ఎందుకు రావడం లేదో కూడా చెప్పాలి.

ప్రభుత్వ పథకాలను, బడ్జెట్లను, చట్టాలను అధ్యయనం చేసి సలహాలిచ్చే సంస్థలే థింక్ ట్యాంకులు. హైదరాబాద్‌లో 1980 నుంచి పనిచేస్తున్న సెస్, ఢిల్లీలో 1973లో మొదలైన సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ ఇట్లాంటివే. వీటిలో చాలా వరకు సొసైటీలుగానో ట్రస్టులుగానో నమోదైనవి. ప్రైవేటు సంస్థలకు రిజర్వేషన్ చట్టం వర్తించదు. అక్కడ మొదటి ఉద్యోగం సాధారణంగా ఆరు నెలలకో ఏడాదికో ఒప్పందం మీద దొరికే రీసెర్చ్ అసిస్టెంట్ పని.

ఆ పనికి ముందు మూడు గడపలు దాటాలి. మొదటిది ఇంటర్న్‌షిప్. జీతం లేకుండానో నామమాత్రపు స్టైపెండ్‌తోనో ఢిల్లీలో రెండు నెలలు ఉండాలంటే గది అద్దె ఎవరు కడతారు? ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్లకు అది అనుభవం. ఇంటికి డబ్బు పంపాల్సిన వాళ్లకు అది అప్పు. రెండోది ఇంగ్లిష్‌లో రాసిన నమూనా వ్యాసం, దానితో పాటు ఒక పేరున్న ప్రొఫెసర్ సిఫారసు ఉత్తరం. మూడోది వయసు. పార్లమెంటు సభ్యులకు పరిశోధనలో సాయపడే ల్యాంప్ ఫెలోషిప్‌కు 25 ఏళ్లు దాటకూడదు. మధ్యలో చదువాపి పనికి పోయి మళ్లీ కాలేజీకి వచ్చినవాళ్లకు డిగ్రీ చేతికొచ్చేసరికే ఆ వయసు దగ్గర పడుతుంది. ప్రకటనలో కులం అన్న మాట ఎక్కడా ఉండదు. అయినా మూడు గడపల దగ్గరా వడపోత జరుగుతుంది.

ప్రభుత్వం కూడా ఈ దారే పట్టబోయింది. 2024 ఆగస్టు 17న యూపీఎస్‌సీ కేంద్ర మంత్రిత్వ శాఖల్లో 45 పోస్టులను లేటరల్ ఎంట్రీ ద్వారా భర్తీ చేస్తామని ప్రకటన ఇచ్చింది. వాటిలో రిజర్వేషన్ లేదు. దేశవ్యాప్తంగా నిరసన వచ్చాక మూడు రోజులకు వెనక్కి తీసుకుంది. విధానం రాసే కుర్చీలు వెనక తలుపు నుంచి నిండితే, ముందు తలుపులో మనం గెలుచుకున్న హక్కుకు విలువేముంటుంది?

గడప దాటినంత మాత్రాన కథ ముగియదు. కొలంబియాలో చదివొచ్చిన అంబేడ్కర్ 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఉండటానికి చోటు దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. కొద్ది రోజులకే ఉద్యోగం వదిలి బొంబాయి చేరారు. ఈరోజు కర్రలు కనిపించకపోవచ్చు. ఇంటిపేరు, తినే తిండి అడిగి గది లేదనే ఓనర్లు మాకు బాగానే తెలుసు.

మరి ఇంత కష్టపడి అక్కడికి ఎందుకు పోవాలి? సబ్ ప్లాన్ చరిత్రే జవాబు. ఎస్సీల స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ 1979-80లో మొదలైంది. దశాబ్దాల పాటు ఆ డబ్బు కాగితం మీద ఒకచోట, ఖర్చులో మరోచోట ఉంది. ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల కోసం ఎస్సీ నిధులు వందల కోట్లు మళ్లించిన సంగతి 2010లో ఆర్టీఐ ద్వారా బయటపడింది. మన దగ్గర మల్లెపల్లి లక్ష్మయ్య నాయకత్వంలోని సెంటర్ ఫర్ దళిత్ స్టడీస్, దళిత సంఘాలు, రిటైర్డ్ అధికారులు కలిసి లెక్కలు ముందుపెట్టి పోరాడారు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సబ్ ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణలో దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం, ఖర్చు కాని నిధులను తర్వాతి ఏడాదికి తీసుకుపోవాలంటుంది. వీధిలో నినాదం, బల్ల మీద లెక్క రెండూ ఉన్నప్పుడే ఆ చట్టం సాధ్యమైంది.

ఇప్పుడు అలాంటి లెక్కల పని మళ్లీ ముందుకొచ్చింది. రాష్ట్ర కుల సర్వే ఎస్సీల జనాభా 17.43 శాతమని తేల్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసిన వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. దాని ఫలితం ఏ కులం ఇంటికి ఎంత చేరిందో రేపు ఎవరో ఒకరు కొలుస్తారు. ఆ ప్రశ్నలు తయారుచేసేది ఎవరు?

అందుకే అడిగిన వాళ్లకు మేం చెప్పేది ఇది. బడ్జెట్ పుస్తకంలో 789 పద్దు చదవడం నేర్చుకోండి, ఎస్సీ నిధులు కనిపించేది అక్కడే. మీ మండలంలో ఒక్క పథకం తీసుకుని ఆర్టీఐ వేయండి. వచ్చిన జవాబుతో ఊరికి పోయి అడగండి. నాలుగు పేజీలు ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో రాయండి. మీ నమూనా వ్యాసం అదే. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు జీతం, గడువు, నివేదికలో పేరు గురించి రాతపూర్వకంగా అడగండి.

సంస్థలను అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఇంటర్న్‌లకు బతకగలిగే స్టైపెండ్ ఇవ్వాలి. మీ పరిశోధకుల్లో ఎస్సీ, ఎస్టీలు ఎందరో ఏటా ప్రకటించాలి. దళితుల లెక్కలు తీసే సంస్థ తన లెక్క చెప్పడానికి ఎందుకు వెనకాడాలి? సర్వే చేసిన వాళ్ల పేర్లు నివేదికలో అచ్చు కావాలి.

వర్ధన్నపేట వాడల్లో తలుపు తట్టే పిల్లలు ఈసారి కూడా మనవాళ్లే అవుతారు. వాళ్ల చేతిలోని ప్రశ్నల కాగితం కూడా వాళ్లు రాసిందే కావాలి.