సంతకము లేని సంపుటములు

బాల్యమున చదివిన కథలను పెద్దలమైన పిదప మరల చదువుట బుద్ధిమాంద్యమని తలంచువారు మన పట్టణములలో పెక్కురు కలరు. పఠనమందిరములలో రాజకీయ పత్రికలకై పెనుగులాడు పెద్దమనుష్యులు 'చందమామ' ధారావాహికల మాట వచ్చినంతనే చిరునవ్వు నవ్వి ముఖము త్రిప్పుకొందురు. ఆ చిరునవ్వునకు సమాధానము చెప్పుటకే నేడు కలము పట్టితిమి. 'తోకచుక్క' మొదలు 'భల్లూక మాంత్రికుడు' వరకు గల పండ్రెండు కథలను ఈ వేసవిలో మరల చదివితిమి. చదివినందుకు సిగ్గుపడవలసిన హేతువు మాకు కానరాలేదు. సిగ్గుపడవలసిన విషయము వేరొకటి కానవచ్చినది.

మాలో పలువురము మిరపకల్లమునకు కావలి యుండి ఆ కథలను చదివినవారము. పత్తి బోరెములపై కూర్చుండి చదివినవారము. ఊరికొక ప్రతి వచ్చెడిది. అది పది చేతులు మారి, అట్ట యూడి, కారపు ఘాటుతో మా చేతికి చేరెడిది. నాయకుడు కొండచరియ నుండి జారుచుండగా ఆ నెల భాగము ముగిసెడిది. మరునెల సంచిక వచ్చువరకు వాని ప్రాణమే మా ప్రాణమై యుండెడిది. చదువునందు ఆసక్తిని మాకు కలిగించినది పాఠశాల కాదు, ఆ నిరీక్షణమే.

అయినను, ఆ కథలను వ్రాసినదెవరని నాడు మేమడుగలేదు. అడిగినను చెప్పువారు లేరు. బొమ్మ క్రింద 'చిత్రా' అను సంతకముండెడిది. కథ క్రింద ఏ సంతకమును లేదు. రచయిత దాసరి సుబ్రహ్మణ్యము. 1932లో పెదగంజాములో జన్మించెను. ఆ గ్రామము నాడు గుంటూరు జిల్లాలోనిది, పిదప ప్రకాశము జిల్లాలోనిది, 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. మూడు జిల్లాలు తమవాడని చెప్పుకొనదగిన ఆ మనుష్యుని పేరు మూడింటను ఎందరికి తెలియును? 1952లో చందమామలో చేరి, పాతికేండ్లు ఆబాలగోపాలమును ఊపిరి బిగబట్టించి, 2010లో కన్నుమూసెను. పేరు వేయకుండుట ఆ పత్రిక నియమము. సంపాదకత్వభారము వహించిన కొడవటిగంటి కుటుంబరావునకును అది తప్పలేదు. నియమము పత్రికది, కాని పాఠకులమైన మన మరపునకు ఏ నియమమును సాకుగా చూపుదుము?

'తోకచుక్క' 1954లో మొదలైనది. ఇంగ్లండున టోల్కీను మహాగాథ ప్రథమ సంపుటము వెలువడినదియు ఆ సంవత్సరముననే. లూయిసు నార్నియా కథలు ఏడును 1950 మొదలు 1956 వరకు వెలువడినవి. ఆ దేశమువారు ఏ సంపుటము మేలని నేటికిని వాదించుకొనుచున్నారు. వాదించుచు రచయితను స్మరించుచున్నారు. ఆ రచయితల పేర్లు మన పిల్లలు తడబడక చెప్పుదురు. మన సుబ్రహ్మణ్యము పేరు చెప్పుమనిన మన పెద్దలే తెల్లబోవుదురు. పరభాషా గ్రంథములను మేము ద్వేషింపము. ఇంటివానిని మరచుటనే సహింపము.

కావున మనమును వాదింతము. 'తోకచుక్క'యే శ్రేష్ఠమను పక్షము బలమైనది: కుండలినీ ద్వీపము, సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు, ఎవరు మరువగలరు? 'రాకాసిలోయ' పక్షమువారును తక్కువవారు కారు. అయినను మా ఓటు 1968లో మొదలైన 'శిథిలాలయము'నకే.

కారణము వినుడు. మన పురాణములలో అడవిమనిషి పండ్లు సమర్పించుటకు వచ్చును. లేదా బొటనవ్రేలు సమర్పించుటకు వచ్చును. 'శిథిలాలయము'న శిఖిముఖి సవర యువకుడు, కథానాయకుడు. క్షత్రియుడైన విక్రమకేసరి వానికి యజమాని కాడు, చెలికాడు. ఇరువురును ఒకే ఆపదను భుజము భుజము కలిపి ఎదుర్కొందురు. ఆ యేండ్లలోనే శ్రీకాకుళపు కొండలలో గిరిజనులు భూమికై పోరాడుచుండిరి. రచయిత దానినుద్దేశించి వ్రాసెనని మేమనము. కాని పెద్దల పత్రికలు సవరను గూర్చి వాదించుకొనుచున్న దినములలో, పిల్లల పత్రిక వానిని నాయకుని చేసినది. చిన్ననాడు మేమిది గుర్తింపలేదు. శిఖిముఖి గెలువవలెనని మాత్రము కోరుకొంటిమి. ఆ కోరికయే విద్య.

లోపములు లేవా? కలవు. కథ యచ్చటచ్చట సాగును. ఒక భూతము పోయినంతనే మరియొకటి వచ్చును. మూఢవిశ్వాసమును పెంచునని నిందించువారికి మాత్రము ఒక్క మాట: ఈ కథలలో మాంత్రికులు ధనరాశులకై తమలో తాము కలహించి చెడుదురు; గెలుచునది ధైర్యము, స్నేహము. హేతువాదియైన కుటుంబరావు సంపాదకత్వమున ఇవి వెలువడినవని మరువకుడు.

ఇటీవలి కాలమున ఈ ధారావాహికలు రచయిత నామముతో పుస్తకములుగా వెలువడినవి. ఇక మనకు సాకు లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను చెల్లించుచున్న పౌరులము మనము. మన శాఖా గ్రంథాలయమున ఈ సంపుటములున్నవా యని అడుగుట మన హక్కు. లేనిచో తెప్పింపుమని పట్టుబట్టుట మన విధి. 1918లో గ్రామస్థులు స్థాపించిన సారస్వత నికేతనము వేటపాలెముననే యున్నది. పెదగంజాము దానికి దూరము కాదు. చందాలెత్తి గ్రంథాలయములు నిలిపిన సీమలో ఒక కథకుని పేరు నిలుపలేమా?

పాఠకులారా, ఏ సంపుటమునైనను మెచ్చుకొనుడు, మాతో విభేదింపుడు. కాని పిల్లవాని చేతిలో పుస్తకము పెట్టునపుడు, ముందుగా రచయిత పేరు చదివించుడు.